ఆ పొద్దు ఎర్రది రాలేదు

తెలియని నెంబరు నుంచి ఫోను వస్తే నేను వెంటనే ఎత్తను. కాసేపు మోగనిచ్చి, గొంతు సవరించుకుని, అప్పుడు ఎత్తుతాను. మా ఆవిడ దీన్ని నా పెద్దరికం అనుకుంటుంది. పెద్దరికమా పాడా, భయం. ఏళ్ళ తరబడి ఒకే ఒక్క ఫోను కోసం భయపడుతూ బతుకుతున్నాను. అవతలి గొంతు ఎవరిదైనా కావచ్చు. "ఆ రోజు కంప్యూటరులో ఏముండిందో నీకు తెలుసు గదా?" అని అడుగుతుంది. ఇంతవరకు ఎవరూ అడగలేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు రాయను. ఊళ్ళ పేర్లు రాస్తాను, అవి లేకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు. మనుషుల పేర్లు మార్చాను. ఒకామెను ఓబులమ్మ అంటాను. మా వైపు వీధికొక ఓబులమ్మ ఉంటుంది, ఎవరూ పోల్చుకోలేరు. ఒప్పుకుంటానంటూ ఇక్కడ కూడా దాక్కుంటున్నాడే అని మీకనిపిస్తే, అవును, దాక్కుంటున్నాను. దాక్కోవడం నాకు బాగా వచ్చిన విద్య.

ప్రొద్దుటూరులో నాది సాఫ్ట్‌వేరు పని. బెంగుళూరు అద్దాల మేడల్లో చేసే రకం కాదు. బంగారు అంగళ్ళకు, బట్టల అంగళ్ళకు బిల్లులు వేసే ప్రోగ్రాములు రాసిస్తాను. చెడిపోతే పోయి బాగుచేస్తాను. నిదానంగా నడిచేదాన్ని పరుగెత్తిస్తాడని నాకు ఊళ్ళో ఒక పేరుండేది. ఏదైనా వెతకమంటే కంప్యూటరు గిరగిరా చక్రం తిప్పుతూ కూర్చుంటుంది చూడండి, ఆ చక్రం ఎందుకు తిరుగుతోందో కనిపెట్టి ఆపడం నాకు మహా సరదా. చాలాసార్లు జబ్బు ఒకటే. అడిగింది ఎక్కడుందో తెలియక అది మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా అన్నీ చదువుకుంటూ పోతుంది. పాఠం పుస్తకం వెనక ఉన్నట్టు దానికీ ఒక సూచిక కట్టిస్తే నేరుగా ఆ చోటికే పోయి తెచ్చిస్తుంది. చక్రం కనపడకుండా పోగానే అంగడి శెట్టి మొహం వెలిగేది. ఆ వెలుగుకు నేను బాగా అలవాటు పడ్డాను.

బంగారు అంగళ్ళ కోసం నేను కనిపెట్టిన కిటుకు ఒకటుంది. నా కథంతా దాని మీదే నడుస్తుంది కాబట్టి కొంచెం ఓపిక పట్టండి. మా దగ్గర అంగడికి వచ్చేది మనిషి కాదు, ఇల్లు. అత్త వచ్చినా, కోడలు వచ్చినా, మరిది వచ్చినా చెప్పేది ఆ ఇంటి ఫోను నెంబరే. పేరుతో వెతికితే షేక్‌లూ రెడ్లూ కుప్పలుగా వచ్చి పడతారు. ఆ కుప్పలో మనకు కావలసినవాళ్ళను ఏరుకునేసరికి బేరం కాస్తా పక్క అంగడికి పోతుంది. అందుకని నేను ఫోను నెంబరుతో వెతికించాను. ఆ నెంబరు మీద అన్నిటికంటే కొత్తగా ఉన్నదాన్ని పట్టుకో, ఒకటి దొరికితే చాలు, ఆగిపో, అని కంప్యూటరుకు చెప్పాను. ఆ ఇంట్లోవాళ్ళు పోయినసారి ఏం కొన్నారో ఠక్కున వచ్చేది. అంగడికి అంతకంటే అక్కర్లేదు.

నేను పని చేసిపెట్టిన ఆసుపత్రి ఒకటుండేది. ప్రొద్దుటూరులో మొదలై, తర్వాత జమ్మలమడుగులో, పులివెందులలో శాఖలు పెట్టారు. ఏ ఊరి శాఖ రోగులకు తన సొంత నెంబర్లు ఇచ్చుకుంటూ పోయింది. అంటే ఒకే మనిషికి పులివెందులలో ఒక నెంబరు, జమ్మలమడుగులో ఇంకొకటి. మూడూళ్ళ వివరాలు కలపమని పెద్ద డాక్టరు నన్ను అడిగాడు, కలిపాను. రోగి పేరు కొట్టగానే మూడు చోట్లా వెతికి పాత జబ్బులు చూపించాలి. ఆ మనిషికి పడని మందు ఏదైనా ఉంటే పైన ఎర్ర బాక్సులో చూపించాలి. ఆ ఎర్ర బాక్సు ఆలోచన నాదే. కొత్తలో దాని గురించి నేను చెప్పుకోని మనిషి లేడు. నర్సులు సూది చేతికి తీసుకునే ముందు "ఎర్రది ఉందా?" అని ఒకరినొకరు అడుక్కునేవారు.

చిక్కల్లా అది నిదానం. పేరు, భర్త పేరు, ఊరు, వయసు, అన్నీ పోల్చి చూసి ఈ మనిషే ఆ మనిషి అని తేల్చుకోవాలి. పేర్లేమో ఒక్కో ఊరి కౌంటరులో ఒక్కో రకంగా రాసి ఉంటాయి. పొద్దున జనం ముసురుకునే వేళ చక్రం తిరుగుతూనే ఉండేది. పెద్ద డాక్టరు నన్ను పిలిపించి, "ఏందప్పా, నీ కంప్యూటరు నిద్ర లేచేలోపల నా పేషెంటు లేచి ఇంటికి పోతాండాడు" అన్నాడు. పక్కనున్న వాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. లోపల మాత్రం బాగా తగిలింది. నిదానం అనే మాట నా పనికి ఎవరూ అంతవరకు అనలేదు.

సరైన మందు ఏమిటో నాకు తెలుసు. మూడూళ్ళ వివరాలు దగ్గర పెట్టుకుని, అనుమానం వచ్చిన చోట మనుషులకు ఫోను చేసి అడిగి, మనిషికి ఒక్క నెంబరు ఖాయం చేసి, దానికి సూచిక కట్టాలి. వారాల తరబడి కూర్చోవాల్సిన పని. విసుగు పుట్టించే పని. చేసినా ఎవరి మొహమూ వెంటనే వెలగదు. నేను బంగారు అంగడి కిటుకును తీసుకొచ్చి ఆసుపత్రికి అతికించాను. పేరు కొట్టగానే ఆ పేరు మీదున్న ఫోను నెంబరు చూడు, ఆ నెంబరుతో ఆఖరున వచ్చిన మనిషిని పట్టుకో, ఆగిపో, ఆ మనిషి వివరాలు చూపించు. టీ తాగుతూ కూర్చున్న చోటే ముగించేశాను.

ఒక ఫోను మీద ఇద్దరు ముగ్గురుంటే? ఈ ప్రశ్న నాకు రాలేదా? వచ్చింది. రాలేదని చెప్పుకుంటే ఎంత బాగుండునో. గ్లాసు కింద పెడుతుంటే వచ్చింది. తర్వాత చూద్దాంలే అనుకున్నాను. నా నెంబరుతో, డాక్టరు నెంబరుతో, మందుల అంగడి అతని నెంబరుతో పరీక్షించాను. మా ఇళ్ళల్లో ఎవరి ఫోను వాళ్ళకుంది. అన్నీ సరిగ్గానే వచ్చాయి. భర్తలు కువైట్‌లో ఉండి, ఇంట్లో ఆడవాళ్ళందరికీ కలిపి అత్త చేతిలో ఒకే ఫోను ఉండే ఇళ్ళు మా జిల్లాలో ఎన్ని లేవు? నాకు తెలియనివా? నా చిన్నప్పటి స్నేహితుల ఇళ్ళే అవి. కానీ ఆ పూట అవి నాకు గుర్తుకు రాలేదు. డాక్టరు పేరు కొట్టి చూసుకుని, చక్రం తిరగకపోవడం చూసి నా వీపు తట్టాడు.

జమ్మలమడుగులో అలాంటి ఇంటి చిన్న కోడలు నూర్జహాన్. ఆమె బతికింది. ఈ మాట ముందే చెబుతున్నాను. ఎందుకంటే ఇన్నాళ్ళూ నన్ను నేను ఓదార్చుకున్న మొదటి మాట అదే. ఆమె పుట్టిల్లు పులివెందుల. అంతకుముందు అక్కడికి పోయినప్పుడు ఒక సూది మందు పడక ఊపిరాడక అవస్థపడింది. పులివెందుల శాఖలో ఆ సంగతి కంప్యూటరులో సరిగ్గానే ఎక్కించారు. అక్కడ కూడా ఆమె రాయించింది అత్త ఫోను నెంబరే. తర్వాత ఒకరోజు చలిజ్వరంతో జమ్మలమడుగు శాఖకు వచ్చింది. అంతకు కొద్దిరోజుల ముందే ఆమె తోడికోడలు దగ్గని ప్రొద్దుటూరు వచ్చి చూపించుకుని పోయింది. నూర్జహాన్ ఆ రోజు వివరాలు ఇంకా ఎక్కలేదు కాబట్టి, ఆ నెంబరు మీద ఆఖరున వచ్చింది తోడికోడలు. నా ప్రోగ్రాము తోడికోడలిని పట్టుకుని ఆగిపోయింది.

ఆ రోజు డ్యూటీలో ఉన్న నర్సు ఓబులమ్మ. ముద్దనూరు నుంచి రోజూ బస్సులో వచ్చి పోయేది. ఆమె సంపాదన మీదే వాళ్ళ ఇల్లు నడిచేది. డాక్టరు రాసిన సూది తీసుకుని కంప్యూటరులో చూసింది. ఎర్రది లేదు. అత్తను అడిగింది కూడా. ఆ సూది సంగతి పుట్టింట్లో జరిగింది, అత్తకు తెలియదు, ఏమీ లేవమ్మా అంది. నూర్జహాన్ దుప్పట్లో వణుకుతూ పళ్ళు కరుచుకుని ఉంది. ఓబులమ్మ సూది వేసింది.

నేనప్పుడు ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగట్లో బిల్లుల మిషను దగ్గరున్నాను. ఆసుపత్రి కౌంటరు నుంచి ఫోను వచ్చింది. జమ్మలమడుగులో ఒకామెకు సూది పడక ఒళ్ళు నల్లబడిందని, కడపకు తీసుకుపోతున్నారని, పాత వివరాలు తీసిపెట్టమంటున్నారని చెప్పారు. నా లాప్‌టాప్‌లో ఆమె పేరు తెరిచాను. పైన నూర్జహాన్ పేరు. కింద తోడికోడలి దగ్గు, తోడికోడలి మాత్రలు. ఎర్ర బాక్సు లేదు. లాప్‌టాప్ పట్టుకుని గోడకు ఆనుకున్నాను. చీరలు విప్పి చూపిస్తున్న గుమాస్తా నన్ను చూసి, ఏమైంది మామా అని అడిగాడు. ఎండ దెబ్బ అన్నాను.

తర్వాత నేను చేసింది చెప్పాలి. నా కొత్త కిటుకును పీకేసి, పాత నిదానపు వెతుకులాటను తిరిగి పెట్టాను. మళ్ళీ నూర్జహాన్ పేరు కొట్టాను. చక్రం తిరిగింది, తిరిగింది. అప్పుడు వచ్చింది ఎర్ర బాక్సు, పులివెందులలో రాసిపెట్టిన ఆ సూది మందు పేరుతో సహా. ఇంకొకరికి ఇలా జరగకూడదనే మార్చానని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం కాదు. కానీ అంతమాత్రమే అయితే, మార్చగానే డాక్టరుకు ఫోను చేసి ఇదీ సంగతి అని చెప్పి ఉండాలి కదా? చేయలేదు. పైగా ఆ మార్పు తాలూకు ఆనవాళ్ళు కంప్యూటరులో మిగలకుండా తుడిచేశాను. చేతులు వాటంతట అవే పని చేసుకుపోయాయి. అంత భయంలోనూ ఒక్క తప్పు లేకుండా చేశాను.

మర్నాడు పెద్ద డాక్టరు ప్రొద్దుటూరులో తన గదికి అందరినీ పిలిచాడు. ఓబులమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. రాత్రంతా నిద్ర లేని మొహం. డాక్టరు నూర్జహాన్ పేరు కొట్టించి కంప్యూటరును ఆమె వైపు తిప్పాడు.

"ఇదేంది మరి?" అన్నాడు.

ఓబులమ్మ ముందుకు వంగి చూసింది. "ఆ పొద్దు ఇది లేదు సార్. నేను చూసినా. చూసే ఏసినా."

"లేంది ఈ పొద్దు యాడనుంచి వచ్చిందమ్మా?"

ఆమె నా వైపు తిరిగింది. ఆ గదిలో తనకు సాయం చేయగలిగినవాణ్ణి నేనేనని నమ్మింది. "నువ్వన్నా చెప్పన్నా. ఒక్కోసారి రాకుండా పోతాదా లేదా? ఆ పొద్దు ఎర్రది రాలేదన్నా."

అందరూ నన్నే చూస్తున్నారు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నేను అన్నాను, "లోపల ఎక్కించి ఉంటే రాకుండా యాడికి పోతుందమ్మా? వస్తుంది."

ఆ మాట ఎంత జాగ్రత్తగా కూర్చానో చూడండి. ఆ రోజు వచ్చింది అనలేదు. వస్తుంది అన్నాను. తర్వాత ఎవరైనా నిలదీస్తే తప్పించుకోవడానికి సందు పెట్టుకుని మరీ అన్నాను. ఓబులమ్మకు ఆ సందు కనపడలేదు. నన్ను అలాగే చూసింది. కోపం లేదు ఆ చూపులో. తనకేదో అర్థం కాలేదన్నట్టు చూసింది. ఆ రోజే ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు.

నేనెందుకు చెప్పలేదు? ఎన్నోసార్లు అడుక్కున్నాను. పోలీసులంటే భయమా? ఉంది. నూర్జహాన్ అప్పటికి కడపలో గొట్టాల మధ్య ఉంది. ఆమె పోతే నా మీదికి కేసు వస్తుందని భయం. ఆమె భర్త కువైట్ నుంచి దిగి మా ఇంటి ముందుకొచ్చి నా చొక్కా పట్టుకుంటాడని భయం. కానీ వీటన్నిటికంటే నీచమైన భయం ఒకటుంది. నా పని తప్పు అని ఊళ్ళో తెలుస్తుందని. ఒక మనిషి ఊపిరి కోసం కొట్టుకుంటుంటే నేను నా పేరు కోసం వణికాను. నూర్జహాన్ కోలుకుని ఇంటికి వచ్చిందని తెలిసిన రోజు ప్రొద్దుటూరులో ఒక మూల నిలబడి ఏడ్చాను. అది ఆమె కోసమో, నా కోసమో ఇప్పటికీ చెప్పలేను.

తర్వాత ఆ సరైన పని చేశాను. వారాల తరబడి కూర్చుని, మనుషులకు ఫోన్లు చేసి అడిగి, మనిషికొక నెంబరు ఖాయం చేశాను. సూచికలు కట్టాను. చక్రం తిరగడం ఆగింది, ఎవరి వివరాలు వాళ్ళకే వచ్చాయి. వేగమూ ఉంది, తప్పూ లేదు. డాక్టరు మళ్ళీ వీపు తట్టాడు. ఈసారి అతని చెయ్యి తగులుతుంటే నేను పక్కకు జరిగాను. ఇది ముందే చేయగలిగి ఉండీ చేయలేదు కదా అని ఒక్కటే ఆలోచన.

ఓబులమ్మకు మా మూడూళ్ళలో ఎక్కడా పని దొరకలేదని వింటుండేవాణ్ణి. సూదేసి మనిషిని పడగొట్టినామె అని పేరు పడిపోయింది. కొన్నాళ్ళు ఇంటి దగ్గరే బీపీలు చూసేదట, తర్వాత అదీ మానేసిందట. ముద్దనూరు మీదుగా పోవాల్సి వస్తే నేను బస్సులో కిటికీ పక్క కూర్చునేవాణ్ణి కాదు. స్టాపులో ఆమె ఉంటుందని, ఎక్కి నా పక్కనే కూర్చుంటుందని భయం. కూర్చుంటే ఏం చేస్తుంది? ఏమీ చేయదు. అది తెలిసినా భయం పోయేది కాదు.

ఈ మధ్య మా ఆవిడ పుట్టింటికి పులివెందుల పోయాం. అక్కడ ఆమెకు కిడ్నీలో రాయి నొప్పి లేచింది. మెలికలు తిరిగిపోతుంటే దగ్గరున్న ఒక చిన్న క్లినిక్కుకు తీసుకుపోయాను. డాక్టరు చూసి సూది రాశాడు. ట్రేలో సూది పెట్టుకుని తెర తీసుకుని లోపలికి వచ్చింది ఓబులమ్మ.

ఎట్లాగో ఇన్నాళ్ళకు అక్కడ పని దొరికించుకున్నట్టుంది. ఆమె నన్ను చూడలేదు. మా ఆవిడను అడిగింది, పడని మందులేమన్నా ఉండాయా అని. లేవంది. అమ్మగారింట్లో ఉన్నప్పుడు ఎప్పుడన్నా సూది పడలేదా అని అడిగింది. లేదంది. చిన్నప్పుడు? మా ఆవిడ నొప్పితో విసుక్కుంది, చెప్పినా కదమ్మా తొందరగా ఎయ్యి అని. ఓబులమ్మ అప్పుడు నా వైపు తిరిగి అదే ప్రశ్న నన్నూ అడగబోయి ఆగింది. గుర్తుపట్టింది.

"నువ్వు కంప్యూటరు అన్నవు గదా. బాగుండావా?" అంది.

ఇక అయిపోయింది అనుకున్నాను. ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన ఫోను ఇలా ఎదురుగా వచ్చి నిలబడింది అనుకున్నాను. ఆమె నిదానంగా సూది వేసి, దూది అద్ది, మా ఆవిడ చెయ్యి పట్టుకుని మొహంలోకి చూస్తూ కూర్చుంది. కాసేపటికి మా ఆవిడకు నొప్పి తగ్గి కళ్ళు మూతలు పడ్డాయి. అప్పుడు ఓబులమ్మ గొంతు తగ్గించి నాతో మాట్లాడింది.

"ఏమనుకోవద్దన్నా, శానాసార్లు అడిగినానని. అడగకుండా ఏస్తే నాకు చెయ్యి రాదు. ఆ పొద్దు నేనేం చేసింటినో నీకు తెలుసు గదా."

"పాతవెందుకులేమ్మా," అన్నాను.

"పాతదైతే మాత్రం. అంత ఎర్రగా కనపడతాంటే నాకు కనపడలేదు. లేదు లేదని మీ మీద కూడా వాదులాడితిని. కండ్ల డాక్టరు దగ్గరికి పోయినా. కండ్లు బాగానే ఉండాయన్న్యాడు. బాగుంటే ఎట్ల కనపడకుండా పోతాదన్నా? అప్పుటినుంచి నాకు నా కండ్ల మీద నమ్మకం పోయింది. ఇంట్లో గ్యాసు ఆపినా కూడా రెండోసారి పోయి చూసుకుంటా."

నేనేం చెప్పానని మీరు అడుగుతారు. ఏమీ చెప్పలేదు. గదిలో మేమిద్దరమే. మా ఆవిడ నిద్రలో ఉంది. డాక్టరు లేడు, పోలీసులు లేరు, కేసు లేదు, ఆనవాళ్ళు ఎప్పుడో తుడిచేశాను. భయపడాల్సినదేదీ ఆ గదిలో లేదు. అయినా ఎందుకు చెప్పలేదు? ఆమె నన్ను తిడుతుందనా? తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి. ఆమె ఆ రోజు మొహంలోకి మొహం పెట్టి, చూసినా, చూసే ఏసినా, అని చెప్పిన మనిషి. నా ఒక్క మాటతో, తన కళ్ళు చూసిందాన్ని తనే నమ్మని మనిషిగా తయారైంది. ఆమె ఉద్యోగం నేను పోగొట్టానని మాత్రమే ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆమె ట్రే తీసుకుని పోతూ, అక్కకు నీళ్ళు ఎక్కువ తాగించన్నా, అని చెప్పి పోయింది.

అప్పటినుంచి నా భయం మారింది. ఆమె ఎక్కడ నిజం చెబుతుందోనని ఇన్నేళ్ళూ భయపడ్డాను. ఇప్పుడు ఆమెకు ఆ నిజం ఇక గుర్తే లేదు. అది నా ఒక్కడి దగ్గరే ఉంది. నేను రోడ్డు మీద ఏ లారీ కిందో పడి పోతే, ఓబులమ్మ బతికినంత కాలం గ్యాసు స్టవ్వు దగ్గరికి రెండోసారి పోయి చూసుకుంటూనే ఉంటుంది.

మీరు నన్ను క్షమించాలని అడగను. మీకు ఆ హక్కు లేదు, నాకూ అడిగే మొహం లేదు. రేపే పులివెందుల బస్సెక్కి ఆమె ముందు నిలబడతానని మాట కూడా ఇవ్వలేను. నేను ఎలాంటివాణ్ణో మీకు ఈపాటికి తెలుసు. కానీ ఆ గదిలో ఫ్యాను కింద నేను అనాల్సిన మాట ఒకటుంది. దాన్ని నా జీవితంలో ఒక్కసారైనా, ఏ సందూ పెట్టుకోకుండా, పూర్తిగా రాయాలి.

ఓబులమ్మా, ఆ పొద్దు ఎర్రది రాలేదు. రాకుండా చేసింది నేను. నువ్వు సరిగ్గానే చూసినావు.